అధ్యాయాలన్నీ ఒకే వర్డ్ ఫైలుగా కలిపేటప్పుడు ట్రాక్ చేంజెస్ గుర్తులు పోకుండా ఉండాలంటే ఏం చేయాలి?

ప్రశ్న: ఏడురోడ్ల కూడలి, శ్రీకాకుళం

పెద్దలకు నమస్కారం. ఉత్తరాంధ్ర స్థానిక చరిత్రపై మేము కొందరం కలిసి ఒక వ్యాస సంకలనాన్ని సిద్ధం చేస్తున్నాము. ముఖలింగం ఆలయాలు, శాలిహుండం బౌద్ధ అవశేషాలు, బొబ్బిలి యుద్ధం, కళింగపట్నం రేవు, పొందూరు ఖద్దరు వంటి విషయాలపై ఒక్కొక్కరు ఒక్కొక్క అధ్యాయం రాశారు. అన్నీ మైక్రోసాఫ్ట్ వర్డ్ ఫైళ్లే. ప్రతి అధ్యాయాన్నీ ఇద్దరు పరిష్కర్తలకు పంపించాము. ఒకరు శ్రీకాకుళంలోనూ, మరొకరు విజయనగరంలోనూ ఉంటారు. ఇద్దరూ ట్రాక్ చేంజెస్ (ఎవరు ఏం మార్చారో గుర్తులతో చూపే వర్డ్ సదుపాయం) పెట్టుకుని, ఒకరు చేసినది మరొకరు చూడకుండా సవరణలు చేసి మెయిల్లో తిప్పి పంపారు.

రచయిత ఒప్పుకోకుండా ఒక్క మాట కూడా మార్చకూడదని మేము మొదట్లోనే ఒక నియమం పెట్టుకున్నాము. అందుచేత ఏ సవరణ ఎవరు సూచించారో రచయితకు తెలియవలసిందే. ఇది పట్టింపు కోసం చెబుతున్న మాట కాదు. ఒక వ్యాసంలో "శ్రీకాకుళం జిల్లాలోని రాజాం" అని ఉంది. ఒక పరిష్కర్త దానిని "విజయనగరం జిల్లాలోని రాజాం" అని దిద్దారు. రెండవవారు "నాటి శ్రీకాకుళం జిల్లాలోని రాజాం" అని దిద్దారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగి రాజాం విజయనగరం జిల్లాలోకి వెళ్లింది కాబట్టి రెండు సవరణలూ సమంజసమైనవే. అయితే వ్యాసంలోని సంఘటన ఏ కాలానిదో తెలిసిన రచయిత మాత్రమే ఆ రెండింటిలో ఒకటి ఎంచుకోగలరు. అధ్యాయాలన్నీ ఒకే ఫైలులో ఉంటే ఊళ్ల పేర్లు, రాజుల పేర్లు పుస్తకమంతటా ఒకే తీరుగా ఉన్నాయో లేదో కూడా చూసుకోవచ్చునని కలపడానికి పూనుకున్నాను.

కొత్త ఫైలు తెరిచి, ఒక్కొక్క అధ్యాయాన్నీ మొత్తంగా కాపీ చేసి వరుసగా పేస్టు చేశాను. కొన్ని అధ్యాయాలలో గుర్తులేవీ కనిపించడం లేదు. పరిష్కర్త దిద్దిన పాఠమే రచయిత రాసిన పాఠమన్నట్టు శుభ్రంగా వచ్చి కూర్చుంది. గుర్తులు నిలబడతాయన్న ఆశతో కొత్త ఫైలులో కూడా ట్రాక్ చేంజెస్ పెట్టి మిగిలిన అధ్యాయాలను పేస్టు చేస్తే, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా అధ్యాయమంతా నా పేరు మీద, ఇవాళ్టి తేదీతో కొత్తగా చేర్చినట్టు గీతలతో నిండిపోయింది. బొబ్బిలి యుద్ధం అధ్యాయానికి సంబంధించిన రెండు ప్రతులను కంపేర్ అనే ఆదేశంతో పోల్చి చూస్తే, ఇద్దరి గుర్తులూ మాయమై, ఆ రెండు ప్రతుల మధ్యనున్న తేడాలు మాత్రమే నా పేరుతో కనిపించాయి.

మెయిల్లో వచ్చిన మూల ఫైళ్లన్నీ భద్రంగా ఉన్నాయి. ఈ పనిని సక్రమంగా చేసే దారి ఏదో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: డీటీపీ పని, విజయనగరం

నమస్కారమండీ. మీరు ఒకే పని అనుకుంటున్నది నిజానికి రెండు పనులు. వేర్వేరు అధ్యాయాలను ఒకదాని కింద ఒకటి చేర్చడం ఒక పని. ఒకే అధ్యాయానికి ఇద్దరు దిద్దిన రెండు ప్రతులను ఒకటిగా చేయడం మరొక పని. వర్డ్‌లో ఈ రెండింటికీ వేర్వేరు దారులు ఉన్నాయి. ఒక పనికి రెండవదాని దారి పట్టినప్పుడే గుర్తులు పోతుంటాయి.

ముందుగా మీకు ఎదురైన సంగతి ఎందుకు జరిగిందో చెబుతాను. ట్రాక్ చేంజెస్‌తో మనం ఒక మాటను తీసేసినప్పుడు ఆ మాట ఫైలులోంచి పోదు. "ఇది తీసేసిన మాట, ఫలానా వారు ఫలానా తేదీన తీసేశారు" అన్న గుర్తుతో అక్కడే ఉంటుంది. చేర్చిన మాట సంగతి కూడా అంతే. అలా ఉన్న పాఠాన్ని కాపీ చేసేటప్పుడు మూల ఫైలులో ట్రాక్ చేంజెస్ ఆన్‌లో ఉంటే, వర్డ్ ఆ గుర్తులను మోసుకురాదు. సవరణలన్నిటినీ ఆమోదించిన తరువాత మిగిలే పాఠాన్ని మాత్రమే తీసుకుంటుంది. ట్రాక్ చేంజెస్ ఆన్‌లో ఉందా ఆఫ్‌లో ఉందా అన్నది కూడా ఫైలుతోపాటే భద్రమవుతుంది కనుక, మీ పరిష్కర్తలు ఆన్‌లో ఉంచి పంపిన ఫైళ్లు మీ దగ్గర కూడా ఆన్‌లోనే తెరుచుకుంటాయి. మీకు శుభ్రంగా వచ్చిన అధ్యాయాలు అటువంటివే. ఇక చేర్చుకునే ఫైలులో అది ఆన్‌లో ఉంటే, బయటి నుంచి వచ్చిపడిన ప్రతి అక్షరాన్నీ వర్డ్ మీరు ఇప్పుడే చేర్చినట్టు లెక్కవేస్తుంది. మీ పేరు, ఇవాళ్టి తేదీ అందువల్లనే వచ్చాయి. గుర్తులు కాపాడుకోవడానికి ట్రాక్ చేంజెస్ ఆన్ చేయాలని ఎవరికైనా అనిపిస్తుంది కానీ, తెచ్చే ఫైలులోనూ, చేర్చే ఫైలులోనూ, రెండింటిలోనూ దానిని ఆపివేసిన తరువాతే కాపీ చేయాలి. ఆపివేస్తే ఉన్న గుర్తులు చెరిగిపోవు, కొత్తవి పడడం మాత్రమే ఆగుతుంది. కంట్రోల్, షిఫ్ట్, ఇ మీటలను కలిపి నొక్కితే అది ఆన్, ఆఫ్ అవుతుంది.

ఆపిన తరువాత రివ్యూ ట్యాబులో చూపును ఆల్ మార్కప్‌కు మార్చుకోండి. తీసేసిన మాటలు కూడా కంటికి కనిపిస్తూ ఉంటే ఎంతవరకు ఎంపిక చేశామో తెలుస్తుంది. పేస్టు చేసేటప్పుడు కీప్ సోర్స్ ఫార్మాటింగ్ ఎంచుకోండి. కీప్ టెక్స్ట్ ఓన్లీ ఎంచుకుంటే మాత్రం మొదటికే మోసం వస్తుంది, ఎందుకంటే వట్టి పాఠంలో గుర్తులకు చోటు ఉండదు.

పెద్ద అధ్యాయాలకు నేను కాపీ, పేస్టు జోలికి పోను. చేర్చే ఫైలులో ట్రాక్ చేంజెస్ ఆపి, కర్సర్‌ను చివరన పెట్టి, ఇన్సర్ట్ ట్యాబులో ఆబ్జెక్ట్ పక్కనున్న చిన్న బాణాన్ని నొక్కి, టెక్స్ట్ ఫ్రమ్ ఫైల్ ఎంచుకుంటాను. మూల ఫైలును తెరవనక్కరలేదు. అధ్యాయం దాని గుర్తులతో, పేర్లతో, తేదీలతో వచ్చి చేరుతుంది. ఒకేసారి అన్ని ఫైళ్లూ ఎంచుకునే వీలున్నా, వరుస తారుమారు కాకుండా ఒక్కొక్కటే తెచ్చుకోవడం మేలు. అధ్యాయానికీ అధ్యాయానికీ మధ్య కొత్త పేజీతో మొదలయ్యే సెక్షన్ బ్రేక్ పెట్టండి. ఆ తరువాత ఫుట్‌నోట్ల సంఖ్యలు ప్రతి అధ్యాయంలో ఒకటి నుంచి మొదలు కావాలనుకుంటే, ఫుట్‌నోట్ల అమరికలో రీస్టార్ట్ ఈచ్ సెక్షన్ ఎంచుకుంటే సరిపోతుంది.

ఒక ముఖ్యమైన జాగ్రత్త చెప్పాలి. ఇలా తెచ్చినప్పుడు రెండు ఫైళ్లలో ఒకే పేరుతో స్టైలు ఉంటే చేర్చుకునే ఫైలులోని అమరికే చెల్లుతుంది. ఒక రచయిత నార్మల్ స్టైలులో గౌతమి ఫాంటు వాడి, మీ ఫైలులో నార్మల్‌కు మరొక ఫాంటు ఉంటే, ఆయన అధ్యాయం మీ ఫాంటులోకి మారిపోతుంది. పుస్తకానికి అది ఒక విధంగా మంచిదే. కానీ ఫాంట్ల సర్దుబాటు ఏదైనా ట్రాక్ చేంజెస్ ఆఫ్‌లో ఉండగానే ముగించండి. ఆన్‌లో ఉంచి ఫాంటు మార్చారంటే ప్రతి పేరాకూ ఒక ఫార్మాటింగ్ గుర్తు పడి, అసలు సవరణలు వాటి మధ్య వెతుక్కున్నా దొరకవు.

ఇక రెండవ పనికి మీరు వాడిన కంపేర్ పనికిరాదు. దాని పక్కనే ఉన్న కంబైన్ వాడాలి. రెండు ప్రతులలో అప్పటికే గుర్తులు ఉంటే కంపేర్ వాటన్నిటినీ ఆమోదించినట్టే భావించి, మిగిలిన పాఠాలను పోల్చి చూపుతుంది. వాణిజ్య ఒప్పందాల పాత ముసాయిదాను, కొత్త ముసాయిదాను పోల్చుకునే వకీళ్లకు అది కావాలి. మీకు కావలసినది ఎవరి గుర్తులు వారివిగా ఉంచి ఒకేచోట చూపించే కంబైన్. రివ్యూ ట్యాబులో కంపేర్ అన్న బొత్తాన్ని నొక్కితే రెండూ కనిపిస్తాయి. ఒరిజినల్ డాక్యుమెంట్ దగ్గర మొదటి పరిష్కర్త ప్రతిని, రివైజ్డ్ డాక్యుమెంట్ దగ్గర రెండవవారి ప్రతిని ఎంచుకుని, మోర్ నొక్కి, ఫలితం న్యూ డాక్యుమెంట్‌లో రావాలని ఎంచుకోండి. అప్పుడు మూల ప్రతులు రెండూ చెక్కుచెదరకుండా ఉంటాయి. ఒకసారికి రెండు ప్రతులనే కలపగలం. మూడవ పరిష్కర్త ఉండి ఉంటే వచ్చిన ఫలితాన్ని భద్రపరచి, దానితో మూడవ ప్రతిని మళ్లీ కలపాలి.

అందుచేత ముందు ఒక్కొక్క అధ్యాయం రెండు ప్రతులనూ కంబైన్‌తో ఒకటి చేసుకుని, ఆ తరువాత అధ్యాయాలను టెక్స్ట్ ఫ్రమ్ ఫైల్‌తో వరుసగా చేర్చండి. ముందే పుస్తకమంతా చేర్చేసి, అంత పెద్ద ఫైళ్లను కంబైన్ చేయబోతే ఏ పేరా దేనికి జతో పోల్చుకోవడం వర్డ్‌కు కష్టమై, లేని తేడాలు చూపించే అవకాశం ఎక్కువ.

జవాబు: కళాశాల అధ్యాపకుడు, బొబ్బిలి

పైన చెప్పినదంతా సరైనదే. పేర్ల విషయంలో మాత్రం కలపడానికి ముందే చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ఆ పేర్లు పోయిన తరువాత ఎంత శ్రద్ధగా కలిపినా ప్రయోజనం లేదు.

ప్రతి ఫైలునూ తెరిచి, ఏదైనా ఒక గుర్తు మీద మౌస్ ఉంచి చూడండి. పరిష్కర్త పేరుకు బదులుగా ఆథర్ అనే మాట మాత్రమే కనిపిస్తే, ఆ ఫైలులో వ్యక్తిగత వివరాలను భద్రపరచేటప్పుడు తొలగించే అమరిక పని చేస్తోందని అర్థం. ఆప్షన్స్‌లోని ట్రస్ట్ సెంటర్‌లో, ప్రైవసీ ఆప్షన్స్ కింద రిమూవ్ పర్సనల్ ఇన్ఫర్మేషన్ ఫ్రమ్ ఫైల్ ప్రాపర్టీస్ ఆన్ సేవ్ అనే గడి ఉంటుంది. ఆ గడిలో టిక్కు ఉంటే, సేవ్ చేసిన ప్రతిసారీ పేర్లన్నీ చెరిగి ఆథర్‌గా మారిపోతాయి. ఇద్దరి ప్రతులలోనూ అదే జరిగి ఉంటే, కంబైన్ చేసిన తరువాత ఇద్దరూ ఒకే మనిషిగా కనిపిస్తారు. ఒకసారి పోయిన పేర్లను ఆ ఫైలులోంచి తిరిగి రాబట్టలేము.

రెండవ ఇబ్బంది మన ఊళ్లలో తరచుగా కనిపించేది. ఇద్దరు పరిష్కర్తలూ సొంత కంప్యూటర్ లేక ఏ నెట్ సెంటరులోనో, ఏ కార్యాలయంలోనో ఉన్న యంత్రం మీద పని చేసి ఉంటే, వర్డ్‌లో యూజర్ నేమ్ దగ్గర ఎవరో ఎప్పుడో పెట్టిన అడ్మిన్ వంటి పేరే ఇద్దరికీ పడి ఉంటుంది. ఇకముందు పంపేటప్పుడు, ఆప్షన్స్‌లో జనరల్ కింద యూజర్ నేమ్ గడిలో తమ పేరు రాసుకుని, ఆఫీస్ ఖాతాతో సైన్ ఇన్ అయినా ఈ పేరే వాడమనే గడిలో టిక్కు పెట్టుకోమని వారికి చెప్పండి.

అయితే, జరిగిపోయిన దానికి కూడా ఒక దారి ఉంది. మీరు తప్పుగా వచ్చిందనుకున్న కంపేర్ ఇక్కడ పనికొస్తుంది. రచయిత మొదట పంపిన, ఏ సవరణా లేని శుభ్రమైన ప్రతి మీ దగ్గర ఉంటే, దానిని ఒరిజినల్‌గా, పేరు పోయిన పరిష్కర్త ప్రతిని రివైజ్డ్‌గా పెట్టి కంపేర్ చేయండి. లేబుల్ చేంజెస్ విత్ అనే గడిలో ఆ పరిష్కర్త పేరు రాయండి. పరిష్కర్త ప్రతిలోని గుర్తులను ఆమోదించినట్టు భావించి, రచయిత పాఠానికీ దానికీ ఉన్న తేడాలన్నిటినీ ఆ పేరు మీద కొత్తగా గుర్తులు పెట్టి వర్డ్ ఇస్తుంది. రెండవ పరిష్కర్త ప్రతికి కూడా అలాగే, వారి పేరుతో చేయండి. అప్పుడు ఈ రెండు ఫలితాలనూ కంబైన్ చేస్తే ఇద్దరూ విడివిడిగా కనిపిస్తారు. తేదీలు మాత్రం మీరు పోల్చిన రోజువే పడతాయి. ఎవరు ఎప్పుడు దిద్దారన్నది మీకు ముఖ్యం కాదు కనుక ఇబ్బంది లేదు. పరిష్కర్త మధ్యలో ట్రాక్ చేంజెస్ ఆపివేసి, గుర్తు పడకుండా కొన్ని మార్పులు చేసి ఉంటే అవి కూడా ఈ పద్ధతిలో బయటపడతాయి.

ఆ మాటకు వస్తే, తిన్నగా కంబైన్ చేసేటప్పుడు కూడా లేబుల్ అన్‌మార్క్‌డ్ చేంజెస్ విత్ అనే గడిని ఖాళీగా వదలకూడదు, దానిలో ఉన్న పేరును చదవకుండా సరే అనకూడదు. గుర్తు లేకుండా చేసిన మార్పులు ఆ పేరు మీదనే పడతాయి. అక్కడ మీ పేరే ఉండవచ్చు. మీరు రాయని వాక్యం మీ పేరు మీద రచయిత కంటపడితే, సంజాయిషీ ఇచ్చుకోవలసినది మీరే.

బొబ్బిలివాణ్ని కనుక మీ యుద్ధం అధ్యాయం మీద ఒక చిన్న మాట. ఒక పరిష్కర్త "1757లో" అన్నదానిని "1757 జనవరి 24న" అని దిద్ది, మరొకరు అదే వాక్యంలో బుస్సీ పేరుకు ముందు "ఫ్రెంచి సేనాని" అని చేర్చి ఉన్నారనుకుందాం. కంబైన్ చేసిన తరువాత ఒకే వాక్యంలో ఈ రెండు గుర్తులూ రెండు రంగులలో కనిపించాలి. అలా కనిపిస్తే కలపడం సరిగ్గా జరిగినట్టే. రంగులను మాత్రం నమ్ముకోవద్దు. బై ఆథర్ అన్న అమరికలో ఏ పేరుకు ఏ రంగు ఇవ్వాలో ప్రతి కంప్యూటరులోని వర్డ్ తనంతట తాను నిర్ణయించుకుంటుంది. మీ దగ్గర ఎర్రగా కనిపించిన పరిష్కర్త రచయిత కంప్యూటరులో నీలంగా కనిపించవచ్చు. రచయితలకు రాసే లేఖలో "ఎర్ర గుర్తులు ఫలానా వారివి" అని రాయకుండా పేర్లే చూసుకోమని రాయండి.

జవాబు: లిబ్రేఆఫీస్ వాడుకరి, పలాస

మా దగ్గర మైక్రోసాఫ్ట్ వర్డ్ లేదు కాబట్టి లిబ్రేఆఫీస్ రైటర్ సంగతి చెబుతాను. వర్డ్ ఫైలును రైటర్‌లో తెరిచినా సవరణల గుర్తులు, వాటి మీది పేర్లు కనిపిస్తాయి. ఎడిట్ మెనూలో ట్రాక్ చేంజెస్ కింద మెర్జ్ డాక్యుమెంట్ అనే ఆదేశం ఉంది. రచయిత శుభ్రమైన ప్రతిని తెరిచి, ఆ ఆదేశంతో మొదటి పరిష్కర్త ప్రతిని, ఆ తరువాత రెండవవారి ప్రతిని తెచ్చుకోవాలి. అయితే దానికి ఒక కఠినమైన షరతు ఉంది. గుర్తు పెట్టి చేసిన సవరణలు తప్ప మిగిలిన పాఠం అంతా మూల ప్రతితో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. పరిష్కర్త గుర్తు పడకుండా ఒక్క కామా చేర్చినా అది కలవదు. ఈ విషయంలో వర్డ్‌లోని కంబైన్ కొంత ఉదారమైనది.

అందుకే మేము పరిష్కర్తకు పంపేముందే రికార్డ్ ఆన్ చేసి, అదే మెనూలోని ప్రొటెక్ట్‌తో సంకేతపదం పెట్టి పంపుతాము. అప్పుడు వారు పొరపాటున కూడా దానిని ఆపలేరు. వర్డ్‌లో లాక్ ట్రాకింగ్ అనేది ఇదే పని చేస్తుంది. సంకేతపదం పెట్టడమంటే వారి మీద నమ్మకం లేక కాదని ముందే ఒక మాట చెబితే ఎవరూ నొచ్చుకోరు.

మరొక సూచన. వర్డ్‌లో అవుట్‌లైన్ చూపులో మాస్టర్ డాక్యుమెంట్ అనే సదుపాయం కూడా ఉంది కదా, ఒక్కొక్క అధ్యాయాన్నీ విడి ఫైలుగానే ఉంచి ఒక పెద్ద ఫైలులో జతచేస్తే, కాపీ చేసే పనే ఉండదు. అది ప్రయత్నించారా?

జవాబు: డీటీపీ పని, విజయనగరం

పలాస వారి సూచన చూడడానికి బాగుంది కానీ, ఈ ఒక్క విషయంలో నేను గట్టిగా వద్దంటాను. మాస్టర్ డాక్యుమెంట్ ఫైళ్లు పాడైపోతాయని వర్డ్‌ను ఎక్కువగా వాడేవారిలో చాలాకాలంగా చెడ్డపేరు ఉంది. సవరణల గుర్తులతో నిండిన అధ్యాయాలను దానికి అప్పగించడం కోరి తెచ్చుకునే తలనొప్పి. లాక్ ట్రాకింగ్ మాత్రం తప్పకుండా పాటించవలసిన సూచన.

ప్రశ్న అడిగినవారు: ఏడురోడ్ల కూడలి, శ్రీకాకుళం

అందరికీ ధన్యవాదాలు. చెప్పినట్టే ముందు బొబ్బిలి అధ్యాయంతో మొదలుపెట్టాను. కంబైన్ చేయగానే ఇద్దరి సవరణలూ వారి వారి పేర్లతో ఒకే వాక్యంలో కనిపించాయి. మూడు సందేహాలు మిగిలాయి.

రెండు ప్రతులలోని ఫార్మాటింగ్ మార్పులలో ఒకరివే ఉంచగలనని, ఎవరివి ఉంచాలో చెప్పమని వర్డ్ అడిగింది. అంటే రెండవవారి సవరణలు పోతాయా? ఇక కళింగపట్నం అధ్యాయంలో కంటికి ఏ తేడా లేని మాటలు కూడా మారినట్టు గుర్తులు పడ్డాయి. "లైట్‌హౌస్" అన్న మాట ప్రతిచోటా తీసేసినట్టూ, మళ్లీ అదే మాట చేర్చినట్టూ చూపిస్తోంది. పొందూరు ఖద్దరు అధ్యాయం సంగతి ఇంకా విచిత్రంగా ఉంది. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా పాఠమంతా తీసేసి, అదే పాఠాన్ని మళ్లీ రాసినట్టు వస్తోంది. అక్కడక్కడ అక్షరాలు విడిపోయి, గుణింతపు గుర్తు కింద చుక్కల వలయం కూడా కనిపిస్తోంది.

జవాబు: డీటీపీ పని, విజయనగరం

ఫార్మాటింగ్ గురించిన ప్రశ్నకు భయపడవలసిన పని లేదు. మాటల చేర్పులు, తీసివేతలు ఇద్దరివీ ఉంటాయి. బోల్డు, ఇటాలిక్, పేరా అమరిక వంటి మార్పులలో మాత్రమే ఒక ప్రతివి నిలుస్తాయి. చరిత్ర వ్యాసాలలో పరిష్కర్తలు ఫాంటును దిద్దడం అరుదు కనుక, ఎవరు అటువంటి మార్పులు ఎక్కువగా చేశారో చూసి వారి ప్రతిని ఎంచుకోండి. ఇద్దరూ చేయకపోతే ఏది ఎంచుకున్నా ఒకటే.

కళింగపట్నం అధ్యాయంలో ఉన్నది మన తెలుగు రాతకు సంబంధించిన చిక్కు. "లైట్‌హౌస్" అనే మాటలో టకారానికీ, తరువాతి హకారానికీ మధ్య అక్షరాలు కలిసిపోకుండా ఆపడానికి కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటుంది. దానిని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. ఒక పరిష్కర్త కీబోర్డు దానిని ఒక చోట పెట్టి, మరొకరిది మరొక చోట పెట్టినా, లేదా ఒకరు దానిని రెండుసార్లు కొట్టినా, మనకు రెండు మాటలూ ఒకేలా కనిపిస్తాయి. వర్డ్ మాత్రం సంకేతాలను పోలుస్తుంది కనుక అవి దానికి వేర్వేరు మాటలే. సాఫ్ట్‌వేర్, ఫుట్‌నోట్, పోస్ట్‌మాస్టర్ వంటి మాటలున్న ప్రతి చోటా ఈ గొడవ రావచ్చు. ఇద్దరు పరిష్కర్తల ప్రతులకూ నకళ్లు తీసుకుని, ఆ రెండింటిలోనూ ట్రాక్ చేంజెస్ ఆపి, ఫైండ్ అండ్ రీప్లేస్‌తో అటువంటి మాటలను ఒకే తీరుకు తెచ్చి, ఆ తరువాత కంబైన్ చేయండి. ఆ చిన్న మాటల కోసం రచయిత చేత ప్రతిచోటా ఆమోదం కొట్టించడం కంటే ఇదే సులువు.

పొందూరు అధ్యాయానికి కారణం నేను చూడకుండానే ఊహించగలను. ఆ రచయిత మొదట అను అనే పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేయించి, ఎవరో దానిని అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడి సంకేతాలైన యూనికోడ్‌లోకి మార్చి ఉంటారు. ఒక పరిష్కర్తకు పాత అను ప్రతి, మరొకరికి యూనికోడ్ ప్రతి వెళ్లి ఉంటాయి. అను ఫాంట్లలో తెలుగు అక్షరం వెనక ఉండే సంకేతాలు యూనికోడ్ తెలుగు సంకేతాలు కావు. తెర మీద రెండూ తెలుగే అయినా, వర్డ్ దృష్టిలో రెండు ప్రతుల మధ్య ఒక్క మాట కూడా కలవదు. అను ప్రతిని యూనికోడ్‌లోకి మార్చి కలుపుదామన్నా, మార్పిడి చేసే సాధనాలు వట్టి పాఠాన్ని తీసుకుని వట్టి పాఠాన్నే ఇస్తాయి కనుక గుర్తులు ఆ దారిలోనే పోతాయి.

దీనికి కూడా బొబ్బిలి అధ్యాపకులు చెప్పిన కంపేర్ దారే ఆధారం. అను ప్రతికి రెండు నకళ్లు తీయండి. ఒక నకలులో సవరణలన్నీ తిరస్కరించండి, అది రచయిత పాఠం అవుతుంది. రెండవ నకలులో అన్నీ ఆమోదించండి, అది పరిష్కర్త పాఠం. రెండింటినీ ఒకే సాధనంతో యూనికోడ్‌లోకి మార్చి, కంపేర్ చేసి, పరిష్కర్త పేరు మీద గుర్తులు మళ్లీ పుట్టించండి. ఒకే సాధనం అని నొక్కి చెప్పడానికి కారణం ఉంది. వేర్వేరు సాధనాలు పొల్లులను, ఒత్తులను వేర్వేరు పద్ధతుల్లో మార్చి లేని తేడాలు పుట్టిస్తాయి.

చుక్కల వలయం సంగతి తేలికైనది. పోలిక క్యారెక్టర్ స్థాయిలో జరిగితే "ఖద్దరు"ను "ఖద్దరుకు" అని దిద్దినా, "నేత"ను "నూలు" అని దిద్దినా, అక్షరం ఒక గుర్తు కిందా, దాని గుణింతం మరొక గుర్తు కిందా పడి, ఒకదానికొకటి దూరమై గుణింతం వలయం మీద నిలబడినట్టు కనిపించవచ్చు. మోర్ నొక్కినప్పుడు వచ్చే అమరికలలో షో చేంజెస్ యట్ అన్నచోట వర్డ్ లెవెల్ ఎంచుకోండి. తెలుగుకు ఎప్పుడూ అదే ఉంచాలి. మాట మొత్తం తీసి, మాట మొత్తం చేర్చినట్టు చూపితే రచయితకు చదవడానికి కూడా హాయిగా ఉంటుంది.

అంతా చేర్చిన తరువాత సరిచూసుకోవడానికి రివ్యూయింగ్ పేన్ తెరవండి. దాని పైభాగంలో మొత్తం సవరణలెన్నో, వాటిలో చేర్పులెన్నో, తీసివేతలెన్నో లెక్క ఉంటుంది. కంబైన్ చేసిన ప్రతి అధ్యాయం లెక్కనూ ఒక కాగితం మీద రాసుకుని, పెద్ద ఫైలులో చేర్చిన వెంటనే మొత్తం ఎంత పెరిగిందో చూసుకుంటూ వెళ్లండి. ఏ అధ్యాయం దగ్గర లెక్క పెరగకుండా నిలిచిపోయిందో, అక్కడే గుర్తులు రాలేదన్నమాట. అన్నీ చేర్చిన తరువాత వెతకడం కంటే ఇదే తేలిక.

జవాబు: కళాశాల అధ్యాపకుడు, బొబ్బిలి

ఒక్క మాట చేర్చి వదిలేస్తాను. సంకలనంలో రాసిన పెద్దలలో కంప్యూటర్ అలవాటు లేనివారు కొందరైనా ఉంటారు. వారికి ఫైలు పంపితే ఎవరో పిల్లల చేత తెరిపించి, ఏ బొత్తాం నొక్కారో తెలియక అన్నీ ఆమోదించి తిప్పి పంపే ప్రమాదం ఉంది. వారికి కాగితం మీద ఇవ్వడమే ఉత్తమం. ప్రింట్ చేసేటప్పుడు సెట్టింగ్స్‌లో, ప్రింట్ ఆల్ పేజెస్ అన్న జాబితా అడుగున, ప్రింట్ మార్కప్ అనే మాటకు టిక్కు ఉండేట్టు చూడండి. అప్పుడు కొట్టివేతలు, చేర్పులు, పక్కన వ్యాఖ్యలు అన్నీ అచ్చులో వస్తాయి. నలుపు తెలుపు ప్రింటరులో రంగులు తెలియవు కనుక, ఏ సవరణ ఎవరిదో వారికి అందేలా మరొక ఏర్పాటు చేయాలి. షో మార్కప్‌లో ఒకరిని దాచితే వారి మార్పులు ఆమోదించినట్టే కనిపిస్తాయి కనుక, కంబైన్ చేయకముందు ఉన్న ఒక్కొక్క పరిష్కర్త ఫైలునూ విడిగా తెరిచి, ఇద్దరి సవరణలకూ రెండు ప్రతులు వేరువేరుగా తీసి, పై అంచున వారి పేరు పెన్నుతో రాసి ఇవ్వండి. రచయిత తన నిర్ణయాన్ని మార్జినులో టిక్కుతోనో, కొట్టివేతతోనో తెలియజేస్తే, వాటిని చూసి ఫైలులో ఆమోదించే పని మీ దగ్గర ఒక్కరికే అప్పగించండి.